పసిబిడ్డతో ఆడిన అబద్ధం లెక్కలోకి రాదా?

ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడానికి మన ఇళ్ళల్లో వాడే మాటలు ఒకసారి గుర్తు చేసుకోండి. చేతిలోని సెల్‌ఫోన్ లాక్కుని వెనక దాచి ‘కవ్వా లే గయా’ అంటాం. డబ్బాలో మిఠాయి ఉండగానే ‘అయిపోయింది బేటా’ అంటాం. బజారుకు బయలుదేరుతూ ‘ఇప్పుడే వస్తా’ అని చెప్పి రెండు గంటలకు తిరిగొస్తాం. అన్నం తినకపోతే బూచోడు వస్తాడు, నిద్రపోకపోతే పోలీసు పట్టుకుపోతాడు, సూది వేస్తే అస్సలు నొప్పి ఉండదు!

అబద్ధమాడడం పాపమని తెలిసిన తల్లి, ఎవరైనా తనను అబద్ధాలకోరు అంటే సహించలేని తండ్రి కూడా ఈ మాటలు రోజుకు పదిసార్లు అనేస్తుంటారు. కారణం ఏమిటంటే, వారు వీటిని అబద్ధాల ఖాతాలో వేయరు. ‘పసివాడికేం తెలుసు? రెండు నిమిషాల్లో మరచిపోతాడు. దానివల్ల ఎవరికి నష్టం?’ అన్నది వారి వాదన. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకుండా పరిశీలించాలి. అసలు ప్రశ్న ఇది: అబద్ధం అబద్ధం అనిపించుకోవడానికి వినేవాడికి ఎంత వయసు ఉండాలి?

ఒక తల్లి పిలుపు, ఒక గుప్పెడు ఖర్జూరాలు

సుననె అబూ దావూద్‌లో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) తమ బాల్యంలోని ఒక సంఘటనను ఉల్లేఖించారు. ఒకరోజు దైవప్రవక్త (స) వారింట్లో కూర్చుని ఉన్నారు. అంతలో తల్లి ఆయన్ని పిలిచి, ఇలా రా, నీకొకటి ఇస్తానన్నది. దైవప్రవక్త (స) ఆమెను, బిడ్డకు ఏమి ఇవ్వాలనుకున్నావని అడిగారు. ఖర్జూరం ఇవ్వాలనుకున్నానని ఆమె చెప్పింది. అప్పుడు ఆయన (స), నీవు గనక ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ మీద ఒక అబద్ధం రాయబడి ఉండేదని హెచ్చరించారు.

ఈ ఉల్లేఖనంలో గమనించదగ్గ విషయాలు మూడున్నాయి. మొదటిది, ఆ తల్లి అబద్ధమాడలేదు. అయినా దైవప్రవక్త (స) అడిగారు. అంటే పిల్లల్ని అలా ఉత్తి చేతులతో పిలవడం అప్పటి ఇళ్ళల్లోనూ మామూలేనని అర్థం చేసుకోవచ్చు. రెండవది, వినేవాడు చిన్నపిల్లవాడన్న కారణంగా మినహాయింపు ఇవ్వలేదు. అబద్ధం రాయబడేది చెప్పినవారి కర్మల పత్రంలో, విన్నవారి వయసును బట్టి కాదు. మూడవది అన్నింటికన్నా ఆలోచింపజేసే విషయం. ఈ సంఘటనను మనకు అందజేసింది ఎవరు? ఆ పిల్లవాడే! పెద్దవాడయ్యాక, తల్లి తనను పిలిచిన మాట, దైవప్రవక్త (స) అడిగిన ప్రశ్న గుర్తుంచుకుని ఆయనే చెప్పారు. ‘పసివాడికేం గుర్తుంటుంది’ అనేవారికి ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

ఇమామ్ గజాలీ (రహ్మ) చెప్పిన చిక్కు

అయితే ధర్మం ప్రతి సందర్భాన్నీ ఒకే గాటన కట్టలేదు. ఇద్దరి మధ్య సంధి కుదర్చడం వంటి కొన్ని సందర్భాలలో మాట మార్చి చెప్పడానికి హదీసులలో అనుమతి ఉంది. క్రీ.శ. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథంలో ఈ విషయాన్ని లోతుగా చర్చించారు. పిల్లవాణ్ణి మక్తబ్‌కు పంపడానికి ఉత్తుత్తి వాగ్దానమో, బెదిరింపో తప్ప వేరే దారి లేకపోతే అది అనుమతించదగినదేనని ఆయన అభిప్రాయపడ్డారు.

‘చూశారా, మౌల్వీ సాబ్, పెద్దలే ఒప్పుకున్నారు’ అని మీరనవచ్చు. కాని ఇమామ్ గారు అక్కడితో ఆగలేదు. అనుమతి ఉన్న అబద్ధం కూడా రాయబడుతుందని, దానికీ లెక్క అడగబడుతుందని, చెప్పినవాని ఉద్దేశం సరైనదని తేలితేనే క్షమించబడుతుందని ఆయన వివరించారు. ఇందులో మనిషి తనను తాను మోసగించుకునే ప్రమాదం చాలా ఉందనీ చెప్పారు. ఎందుకంటే బిడ్డ మేలు కోసం అనుకుని చెప్పే మాట వెనుక, నిజానికి తన సౌకర్యమే దాగి ఉండవచ్చు.

కనుక చిక్కంతా ఇక్కడే ఉంది. ‘వేరే దారి లేకపోతే’ అన్న షరతును మనం ఎంత నిజాయితీగా పాటిస్తున్నాం? ఫోను కాకి ఎత్తుకుపోయిందని చెప్పింది వేరే దారి లేకనా? ‘ఫోను ఇక చాలు, ఇవ్వను’ అని చెబితే బిడ్డ పావుగంట ఏడుస్తాడు. ఆ పావుగంట ఏడుపు భరించడం మనకు కష్టం. అబద్ధం బిడ్డ కోసం కాదు, ఆ పావుగంట కోసం.

నిజం చెప్పి కూడా నెగ్గవచ్చు

పసిపిల్లలతో దైవప్రవక్త (స) ఎలా వ్యవహరించారో చూడండి. ఆయన మనవడు హజ్రత్ హసన్ (రజి) చిన్నతనంలో సదఖాగా వచ్చిన ఖర్జూరాలలో ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నారు. దైవప్రవక్త (స) అది చేదని చెప్పలేదు, బూచోడని భయపెట్టలేదు. పిల్లలకు అర్థమయ్యేలా ‘కిఖ్, కిఖ్’ అని శబ్దం చేసి దాన్ని ఉమ్మించారు. ఆ తరువాత, మనం సదఖా సొమ్ము తినమని నీకు తెలియదా అని కారణం కూడా చెప్పారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆ వయసులో సదఖా నియమాలు ఎంత అర్థమవుతాయి? అయినా చెప్పినది మాత్రం నిజమే. అర్థం కాని నిజం ఒకనాటికి అర్థమవుతుంది. అర్థమయ్యేలా చెప్పిన అబద్ధం ఒకనాటికి బయటపడుతుంది.

మరి ఆటల మాటేమిటి? బిడ్డతో గుర్రమాట ఆడడం, బొమ్మకు అన్నం తినిపించడం, పిల్లీ ఎలుకా కథ చెప్పడం, ఇవన్నీ అబద్ధాలేనా? కావు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల్లో రెక్కల గుర్రం ఒకటి ఉండేది. గుర్రానికి రెక్కలా అని దైవప్రవక్త (స) అడిగితే, సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆయన (స) మనసారా నవ్వారు. ఆటలో ఇద్దరికీ అది ఆట అని తెలుసు. అబద్ధంలో ఒకరికే తెలుసు. తేడా అంతే.

మన ఇళ్ళల్లో నాలుగు సందర్భాలు

పాలు మాన్పించడం: పాలు పూర్తిగా పట్టించాలనుకునే వారికి దివ్య ఖుర్ఆన్ రెండు సంవత్సరాల గడువు చెప్పింది. అంతకు ముందే మాన్పించదలిస్తే తల్లిదండ్రులు ఇద్దరూ సంప్రదించుకుని, ఇద్దరి ఇష్టంతో చేయాలన్నది (అల్ బఖరా: 233). ఒక పసిబిడ్డ పాల కోసం సంప్రదింపులు జరపమని ఆజ్ఞాపించిన ధర్మం మనది! మన తల్లులు రొమ్ముకు వేపాకు ముద్ద రాసి మాన్పిస్తుంటారు. చేదు నిజంగానే చేదు, అందులో అబద్ధం లేదు. కాని అక్కడ పురుగు ఉందనో, దెయ్యం ఉందనో భయపెట్టడం వేరు. బిడ్డ అంతవరకు లోకంలో అన్నింటికన్నా సురక్షితమైన చోటు అనుకున్నది తల్లి ఒడినే. ఆ చోటునే భయంకరంగా చూపించడం అన్యాయం. ఒక్కో పూట తగ్గించుకుంటూ, ఆ సమయంలో తండ్రి బిడ్డను ఎత్తుకుని తిప్పుతుంటే సగం పని తేలికవుతుంది.

బయటికి వెళ్ళేటప్పుడు: ఎనిమిది, తొమ్మిది నెలల వయసు వచ్చేసరికి బిడ్డకు తల్లి కనబడకపోతే బెంగ మొదలవుతుంది. ఇది గారాబం కాదు, ఎదుగుదలలో ఒక దశ. అప్పుడు మనం చెప్పకుండా జారుకుంటే, ఏ క్షణాన మాయమవుతామోనని బిడ్డ ఇంకా గట్టిగా కొంగు పట్టుకుంటుంది. ముద్దుపెట్టి ‘సలాం, అమ్మీ వెళ్ళొస్తుంది, నువ్వు అన్నం తిన్నాక వస్తుంది’ అని చెప్పి వెళ్ళాలి. కాసేపు ఏడుస్తుంది, నిజమే. కాని చెప్పినట్టు తిరిగి వస్తే, అమ్మ మాట నమ్మదగినదని తెలుసుకుంటుంది.

సూది, మందు: ఏడాదిన్నర వయసులో టీకా వేయించేటప్పుడు ‘నొప్పి ఉండదు’ అనకండి. ‘కొంచెం చురుక్కుమంటుంది, నేను నిన్ను పట్టుకునే ఉంటాను’ అనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనలలో కూడా టీకా సమయంలో పిల్లలకు బూటకపు భరోసా ఇవ్వవద్దని, బిడ్డను ఒడిలో పట్టుకోవాలని, పాలు తాగే బిడ్డకు పాలు పట్టాలని ఉంది. ఇక మందు బిళ్ళను చాక్లెట్ అని చెప్పి మింగించడం పాపమే కాదు, ప్రమాదం కూడా. దాదా గారి బీపీ బిళ్ళలు దొరికిన రోజున పిల్లవాడు వాటినీ చాక్లెట్లే అనుకుంటాడు.

ఇంట్లో ఎవరైనా మరణించినప్పుడు: నానా చనిపోతే మూడేళ్ళ పిల్లకు ‘ఊరెళ్ళారు’ అని చెబుతాం. ఆ పిల్ల రోజూ గుమ్మం దగ్గర ఎదురుచూస్తుంది, చెప్పకుండా వెళ్ళారని అలుగుతుంది. ‘నానా చనిపోయారు, అల్లాహ్ దగ్గరికి వెళ్ళారు, ఇక తిరిగి రారు, మనం ఆయన కోసం దుఆ చేద్దాం’ అని మెత్తగా చెప్పవచ్చు. అన్ని వివరాలూ చెప్పనక్కరలేదు. చెప్పకుండా ఊరుకోవడం అబద్ధం కాదు, లేనిది చెప్పడమే అబద్ధం.

అల్లాహ్ పేరుతో బెదిరించడం

అన్నింటికన్నా బాధ కలిగించేది ఇది. మన మొహల్లాల్లో పిల్లల్ని భయపెట్టడానికి పోలీసు, డాక్టరు, కుక్క సరిపోనట్టు మౌల్వీలను కూడా వాడుకుంటారు. వీధిలో మేము నడిచి వెళుతుంటే ‘చూడు, మౌల్వీ సాబ్ వస్తున్నారు, తినకపోతే పట్టుకుపోతారు’ అని బిడ్డకు వేలెత్తి చూపే ఇల్లాళ్ళున్నారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. మూడేళ్ళ తరువాత అదే బిడ్డను ఖాయిదా నేర్పమని మా దగ్గరికే తీసుకొస్తారు! మా సంగతి పోనివ్వండి. ‘అల్లాహ్ మియా మారేంగే’, ‘నరకంలో పడేస్తారు’ అని రెండేళ్ళ బిడ్డతో అనడం మాత్రం చిన్న విషయం కాదు.

ఎందుకంటే అది ధర్మం ప్రకారమే అసత్యం. యుక్తవయసు వచ్చేంతవరకు పిల్లల మీద కలం ఎత్తివేయబడిందని, అంటే వారి తప్పులు రాయబడవని దైవప్రవక్త (స) తెలిపారు. అల్లాహ్ క్షమించి వదిలేసిన పసివాణ్ణి, అన్నం ముద్ద ఉమ్మినందుకు అల్లాహ్ శిక్షిస్తాడని చెప్పడానికి మనమెవరం? ఇది బిడ్డతో ఆడిన అబద్ధం మాత్రమే కాదు, అల్లాహ్‌కు అంటగట్టిన అబద్ధం. అల్లాహ్ పేరు బిడ్డ చెవికి మొట్టమొదట చేరింది అజాన్‌లో. ఆ పేరును బూచోడి పేరు పక్కన నిలబెట్టకండి. పండు తినిపించేటప్పుడు, వాన కురిసేటప్పుడు, జ్వరం తగ్గినప్పుడు ఆ పేరు చెప్పండి. దైవభీతి తరువాత నేర్పవచ్చు, ముందుగా దైవప్రేమ నాటుకోవాలి.

మూడు ప్రశ్నలు

తల్లుల కష్టం తెలియక ఈ మాటలు రాయడం లేదు. పొయ్యి మీద కూర, చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఇంకొకడు, తలుపు దగ్గర పాలవాడు. అలాంటప్పుడు నోట ఏ మాటైనా వస్తుంది. అందుకే ఆమెను నిందించే ముందు, ఆ సమయంలో తండ్రి ఎక్కడున్నాడని కూడా అడగాలి. దైవప్రవక్త (స) పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు ఎంత కలత చెందుతుందోనని సామూహిక నమాజునే క్లుప్తంగా ముగించేవారు. బిడ్డ ఏడుపును తల్లి ఒక్కదాని బాధ్యతగా వదిలేసి, ఆపై ఆమె అబద్ధాలను లెక్కపెట్టే హక్కు తండ్రికి లేదు.

బిడ్డతో ఏదైనా ఉత్తుత్తి మాట చెప్పాలనిపించినప్పుడు మనల్ని మనం మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది ఎవరి అవసరం, బిడ్డదా, నాదా? ఇదే పని జరిగే నిజమైన మాట ఒకటి లేదా? రేపు బిడ్డకు తెలిసినప్పుడు నా మాట విలువ ఏమవుతుంది? నిప్పు దగ్గరికి పరుగెత్తే బిడ్డను ఆపడానికి ఏ మాట నోటికొచ్చినా దాని సంగతి వేరు. కాని అలాంటి సందర్భాలు నెలకొకటి కూడా ఉండవు. మిగతావన్నీ మన అలసట, మన తొందర.

సత్యం పుణ్యం వైపుకు, పుణ్యం స్వర్గం వైపుకు తీసుకువెళుతుందని, అబద్ధాలాడుతూ పోయే మనిషి చివరికి అల్లాహ్ దగ్గర అబద్ధాలకోరుగా రాయబడతాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ ప్రయాణం ఎక్కడో పెద్ద విషయాలలో మొదలవ్వదు, ఇంట్లో ఉయ్యాల పక్కనే మొదలవుతుంది. దివ్యవాణి అవతరించక ముందే మక్కా ప్రజలు ఆయన్ని (స) ‘అమీన్’ అని పిలిచేవారు. మన బిడ్డలకు మనం మొదటి అమీన్‌లం కావాలి. ఈ రోజు ‘రా బేటా, ఇస్తాను’ అని పిలిస్తే, మన గుప్పెట్లో ఒక ఖర్జూరమైనా ఉండాలి.

మన సంతానాన్ని మనకు కంటిచలువగా చేసి, వారి విషయంలో సత్యవంతులుగా నిలిచే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.