డాబాకు పిట్టగోడ, బండికి జాగ్రత్త



మంగళగిరి నుంచి విజయవాడకూ, గుంటూరుకూ రోజూ పనుల మీద వెళ్ళివచ్చేవారిలో కరెంటు స్కూటర్లు వాడేవారు ఇప్పుడు తక్కువేమీ కాదు. పెట్రోలు ఖర్చు ఉండదు, పొగ రాదు, చప్పుడు లేదు. ఇవన్నీ నిజమైన మేళ్ళే. చాలీచాలని ఆదాయంతో సంసారం ఈదుకొచ్చే ఇంట్లో నెలకు నాలుగు డబ్బులు మిగలడం చిన్న విషయం కాదు. కనుక ఈ బండ్లు కొనవద్దని చెప్పబోవడం లేదు. కొనేటప్పుడు మనం వేసుకునే లెక్కలో ఒక పద్దు మరచిపోతున్నామేమో ఆలోచించమని మాత్రమే మనవి.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక కుటుంబం కొత్తగా కొన్న స్కూటరు బ్యాటరీని రాత్రి పడకగదిలో చార్జింగ్ పెట్టి నిద్రపోయింది. తెల్లవారుజామున అది పేలింది. ఇంటి యజమాని మరణించారు. భార్యాపిల్లలు గాయపడ్డారు. అదే నెలలో నిజామాబాదులో ఇలాగే బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, కరెంటు బండ్ల షోరూము ఉన్న ఒక భవనంలో కింద మంటలు లేచాయి. పొగ పైనున్న లాడ్జి గదులను కమ్మింది. ఎనిమిది మంది చనిపోయారు. వారు ఆ బండ్లు కొనడానికి వచ్చినవారు కారు, రాత్రికి బస చేసినవారు!

మనం మరచిపోతున్న పద్దు ఇదే. బండి ఎంచుకున్నది ఒకరు. ప్రమాదం పంచుకున్నది పక్కన పడుకున్న పసిబిడ్డలు, మూల మంచంలోని ముసలివారు, గోడ అవతలి పొరుగువారు. వారిని ఎవరూ అడగలేదు.

లిథియం బ్యాటరీ అంటే అనేక చిన్న సెల్స్ కూర్పు. ఒక సెల్ లోపల షార్టయి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌కు పాకుతుంది. టపాకాయల సరంలా ఒకదాని వెంట ఒకటి అంటుకుంటాయి. విషవాయువులు వెలువడతాయి. ఆరినట్టు కనిపించిన మంట మళ్ళీ రాజుకోవచ్చు. ఇందులోనూ రకాలున్నాయి. ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది, కాని బరువెక్కువ. నికెల్ ఎక్కువగా వాడే రకం తేలిక, ఒక చార్జికి ఎక్కువ దూరం వస్తుంది, కాని అంత ఓర్పు లేదు. ఒకటి కావాలంటే మరొకటి కొంత వదులుకోక తప్పదు. ఆ ప్రమాదాల తర్వాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసి, 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి నెలాఖరున రెండో విడత అమలులోకి తెచ్చింది. ఆ పరీక్షలు నెగ్గిన బ్యాటరీ, ఎక్కడో అతుకులు వేసి అమ్మే చవక బ్యాటరీ ఒకటి కావు.

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టేవాడు డాబాకు పిట్టగోడ కట్టాలి. కట్టక ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటిదే. గమనించండి, డాబా వేయవద్దని అక్కడ లేదు. పిట్టగోడ ఖర్చు కూడా ఇంటి ఖర్చులోనిదే అని మాత్రం ఉంది. బండి విషయమూ అంతే. మంచి బ్యాటరీకీ, సరైన చార్జరుకూ, హెల్మెట్‌కూ అయ్యేది పైఖర్చు కాదు, అది బండి ధరలోదే.

‘రెండు గదుల ఇంట్లో ఒక గది మగ్గానికే పోతే, చార్జింగ్ ఎక్కడ పెట్టుకోమంటారు?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈ భారం కొనేవాడి ఒక్కడిది కాదు. అద్దెకిచ్చిన ఇంటి యజమాని వరండాలో ఒక ప్లగ్ పాయింటు పెట్టించడం కూడా పొరుగువాని ప్రేమే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. అలా నీట నానిన బ్యాటరీని ఆ సంగతి దాచి అమ్మడం వ్యాపారం కాదు, మోసం.

పిల్లల విషయం మరీ ముఖ్యం. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్లకు లోపు మోటారున్న బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అందుకని పద్నాలుగేళ్ళ బిడ్డను హెల్మెట్ లేకుండా లారీలు తిరిగే జాతీయ రహదారి మీదికి పంపవచ్చునా? చట్టం అడగలేదు గనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. రోడ్డు మీద పడిన తలకు ఆ మినహాయింపు తెలియదు.

పడకగదిలో, మెట్లకింద, గుమ్మానికి అడ్డంగా చార్జింగ్ పెట్టకండి. అందరూ మేలుకొని ఉన్న వేళ పెట్టండి. ఎండలో తిరిగి వచ్చిన బండిని చల్లారనివ్వండి. ఉబ్బిన బ్యాటరీని, నీట మునిగిన బ్యాటరీని మెకానిక్కు చూపించనిదే వాడకండి.

మన ప్రాణానికి మనం తెగించడం వేరు, నిద్రపోతున్నవారి ప్రాణాలను వారికి చెప్పకుండా పణం పెట్టడం వేరు. ఈసారి బండి కొనేముందు ధర ఒక్కటే కాదు, ఇంట్లో ఎవరెవరు ఎక్కడ పడుకుంటారో కూడా ఒకసారి లెక్క చూసుకోండి.