అతిథి వైద్యుడు, అనుమతి
అమెరికాలో వైద్యుడికి లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాలే. 1889లో డెంట్ వర్సెస్ వెస్ట్ వర్జీనియా కేసులో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని సమర్థించింది. అందువల్ల ఎంత పేరున్న శస్త్రవైద్యుడైనా మరో రాష్ట్రంలో రోగికి చికిత్స చేసి చూపిస్తూ బోధించాలంటే సాధారణంగా అక్కడి వైద్యమండలి సమ్మతి కావాలి. టెక్సాస్ వంటి రాష్ట్రాలు ఇందుకు తాత్కాలిక అనుమతులిస్తాయి.

ఇక్కడే ఒక ధర్మసందేహం. విద్య మనిషి వెంటే వస్తుంది కదా, హక్కు సరిహద్దు దగ్గర ఎందుకు ఆగాలి? జ్ఞానం వల్ల సామర్థ్యం వస్తుంది గానీ, మరొకరి శరీరం మీద చేయి వేసే అధికారం రాదు. తప్పు జరిగితే జవాబు చెప్పుకొనే బాధ్యత మీదే ఆ అధికారం నిలుస్తుంది. సుశ్రుత సంహిత సామర్థ్యాన్నీ అధికారాన్నీ వేరుగానే చూసింది: శాస్త్రం చదివి, శస్త్రకర్మలు చూసి, అభ్యాసం చేసినవాడు సైతం రాజు అనుమతి పొందాకే వైద్యవృత్తిలో అడుగుపెట్టాలంది. ఉపన్యాసం మాత్రమే ఇచ్చే అతిథి సంగతి వేరు. అతని మాటను విద్యార్థి తూచుకోగలడు, మత్తులో ఉన్న రోగికి ఆ వీలు లేదు. విద్యాదానం ఎంత గొప్పదైనా దాని వెల ఆ రోగి చెల్లించకూడదు. అలాగని నెలల తరబడి కాగితాల పేరుతో గురువును గుమ్మంలో నిలబెట్టడమూ న్యాయం కాదు. ఆ నైపుణ్యం అందక నష్టపోయేదీ రోగులే.