మతభేదం – వెలి: ఒక నైతిక పరిశీలన

మత విషయంలో భిన్నాభిప్రాయం ప్రకటించిన వ్యక్తిని వెలివేసినప్పుడు, అతడు చెప్పినది సత్యమా కాదా అన్న ప్రశ్నే ముందుకు వస్తుంది. ఆ ప్రశ్నకు సమాధానం ఏదైనా, వెలి న్యాయమా కాదా అన్నది వేరుగా విచారించదగినది.

కాన్‌స్టాంటినోపుల్ బిషప్ నెస్టోరియస్ మరియమ్మను ‘దేవమాత’ అనడానికి అభ్యంతరం చెప్పి, ‘క్రీస్తుమాత’ అనడమే యుక్తమన్నాడు. 431లో ఎఫెసు మహాసభ అతణ్ణి పదవీచ్యుతుణ్ణి చేసింది. తరువాత చక్రవర్తి ఆజ్ఞపై అతడు ఈజిప్టు ఎడారిలో ప్రవాసం గడిపాడు. సంఘ సిద్ధాంతాన్ని బోధించడమే బిషప్ విధి కనుక పదవి తొలగింపును సమర్థించవచ్చు. ప్రవాసశిక్షకు ఆ సమర్థన చాలదు. అయితే, 428లో పదవికి రాగానే అన్యశాఖల వారిని అణచమని చక్రవర్తిని కోరినవాడూ నెస్టోరియసే. బాధితుడైనంత మాత్రాన ఎవరూ సహనమూర్తి కారు.

తెలుగునాట గోరా ఉదంతం దీనికి భిన్నమైనది. ఆయన వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడలోను, 1939లో మచిలీపట్నంలోను కళాశాల ఉద్యోగాలు కోల్పోయాడు. మొక్కల గురించి బోధించడానికి దైవవిశ్వాసం అర్హత కాదు. కనుక ఇక్కడ తొలగింపుకే ఆధారం లేదు. 1940లో ఆయన ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పాడు.

దైవవిశ్వాసి అయిన గాంధీ అదే గోరాకు సేవాగ్రామంలో చోటిచ్చి చర్చించాడు. విశ్వాసి నాస్తికుడు కాలేదు, నాస్తికుడు విశ్వాసి కాలేదు. విభేదించే వ్యక్తికి ఏకీభావాన్ని షరతుగా పెట్టకుండా చోటివ్వడమే సహనానికి గీటురాయి. వెలి వాదిని దూరం చేస్తుందే తప్ప వాదానికి సమాధానం చెప్పదు.