అశుభం అనుకోకుండా చదువు

చిరంజీవి చిన్నాకి, పెదనాన్న దీవించి రాసేది.

ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోనైతే మీ అమ్మ పక్కనే ఉంటుంది, నన్ను పూర్తిగా చెప్పనివ్వదు. పక్కింటి కుర్రాడు ఈ కాగితాలు ఫొటో తీసి నీకు పంపుతాడు. ఆఫీసు పని మధ్యలో కాకుండా రాత్రి తీరిగ్గా చదువు.

అమెరికా నుంచి సంక్రాంతికి వస్తానన్నావు, తర్వాత ఉగాదికన్నావు. మొన్న "వీసా స్టాంపింగ్ ఇప్పుడు రిస్కమ్మా, పరిస్థితి చూసి చెప్తా" అన్నావు. "వద్దులే నాన్నా, మేం బాగానే ఉన్నాం" అంది మీ అమ్మ. నేను అక్కడే ఉన్నాను. ఈ మధ్య మీ నాన్న తన చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడటం నువ్వు చూశావా? మీ అమ్మే పట్టుకుంటోంది. ఆయన చేతులు రెండూ ఒళ్ళో దుప్పటి కింద పెట్టుకుంటున్నాడు. ఎందుకో నేను రాయను, ఆయన్నే అడుగు. హైదరాబాదులో ఏ డాక్టరుకి చూపించుకున్నాడో, ఆ డాక్టరు ఏమన్నాడో కూడా అడుగు.

నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. మీ తాతయ్యకి తలకొరివి పెట్టింది మీ నాన్న అని నీకు తెలుసు. పెద్దకొడుకుని నేను బతికుండగా చిన్నవాడెందుకు పెట్టాడో మనింట్లో ఎవరూ నీకు విడమర్చి చెప్పి ఉండరు.

1992లో నేను సౌదీలో, దమ్మాంలో, ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్ని. ఏజెంటుకి కట్టడానికి కాలవ పక్క పొలం తాకట్టు పెట్టి వెళ్ళాను. దిగిన రోజే పాస్‌పోర్టు కంపెనీ తీసుకుని బీరువాలో పెట్టింది. చేతిలో అక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు ఒక్కటే ఉండేది. ఇంటికి రావాలంటే వెళ్ళి తిరిగి రావడానికిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ అనుమతి కావాలి, దానికి కంపెనీ సంతకం కావాలి, ఆ తర్వాత జవాజాత్ అనే పాస్‌పోర్టు ఆఫీసు ముద్ర పడాలి. బక్రీదు సెలవులప్పుడు టెలిగ్రాం వచ్చింది. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ." ఆ రోజుల్లో ఆ మాటకి అర్థం ఏమిటో గల్ఫులో ఉన్న ప్రతి తెలుగువాడికీ తెలుసు. ఆఫీసులన్నీ మూసి ఉన్నాయి, సంతకం పెట్టాల్సిన మేనేజరు సొంతూరు పోయాడు. సెలవులయ్యాక వెళ్తే "రీఎంట్రీ ఇప్పుడు కుదరదు, కావాలంటే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని పో" అన్నారు. పోతే ఉద్యోగం పోతుంది, పొలం పోతుంది, మీ నాన్న చదువు ఆగిపోతుంది. వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి రీఎంట్రీ తెచ్చుకుని, బొంబాయిలో దిగి, రైలెక్కి రాజమండ్రి, అక్కణ్ణించి బస్సులో రాజోలు. పెద్దదినం కూడా అయిపోయింది. మీ నాన్న గుండుతో అరుగు చివర కూర్చుని ఉన్నాడు. అప్పటికి వాడింకా డిగ్రీ చదువుతున్నాడు. కుండ భుజానికెత్తుకున్నది వాడే, చితికి నిప్పు పెట్టింది వాడే. నన్ను ఒక్క మాట అనకుండా లేచి వెళ్ళి కాళ్ళకి నీళ్ళు తెచ్చాడు.

అదంతా ఒక ఎత్తు. తర్వాత మా అమ్మ చెప్పింది ఒక ఎత్తు. నెల ముందే నాన్న అడిగాడట, "పెద్దాడు రాగలడేమో కనుక్కోండి" అని. ఎవరూ నాకు రాయలేదు. అలాంటి మాట రాయడం అశుభమన్నారు, దూరదేశంలో వాడు బెంగపెట్టుకుంటాడన్నారు. ఒక్క ఉత్తరం ముక్క వచ్చి ఉంటే నేను సెలవు పెట్టి, రీఎంట్రీ ముందే వేయించుకుని, ఆయన మాట్లాడగలిగినప్పుడే వచ్చేవాణ్ణి. సౌదీ నియమం నన్ను ఆపింది, నిజమే. దానికంటే ఎక్కువగా ఆపింది మనింట్లో ఎవరూ నోరు తెరవకపోవడం. ఇన్నేళ్ళలో ఆ నియమం కూడా మారింది. 2021 నుంచి ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు యజమాని ఒప్పుకోకపోయినా అక్కడి ప్రభుత్వ యాప్ అబ్షర్‌లో తామే రీఎంట్రీ పెట్టుకోవచ్చు. ఇళ్ళల్లో పనికి వెళ్ళిన మన ఆడవాళ్ళకి మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వలేదు. మన ఇళ్ళల్లో ఆ మౌనం మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు వీడియోలో మొహాలు చూసుకుంటున్నారు, ఏం తిన్నారో చెప్పుకుంటున్నారు. అసలు సంగతి చెప్పరు. ఆపరేషన్లు దాచేస్తున్నారు. పిల్లలు ఉద్యోగం పోయిన సంగతి దాచేస్తున్నారు. మన వీధిలో పోయిన వేసవిలో ఒకాయన పోతే విదేశంలో ఉన్న కొడుకు కోసం ఐస్ బాక్సు అద్దెకి తెచ్చి పెట్టారు. ఆ పిల్లాడు రావాలా వద్దా, వస్తే తిరిగి వెళ్ళగలడా అని అక్కడ లాయరుతో మాట్లాడుకుంటుంటే ఇక్కడ కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ కోసం పరుగెత్తాం. చివరికి రాలేనన్నాడు. వాడిని నేను తప్పుపట్టను. ఆ నిర్ణయం తీసుకోవాల్సిన ఘడియ అది కాదు, అంతే నేననేది.

నీ చిక్కు నా చిక్కు లాంటిది కాదు. అమెరికా నుంచి బయలుదేరడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఈ రాత్రే విమానం ఎక్కవచ్చు. తిరిగి అడుగుపెట్టడం దగ్గరే నీకు ముడి. నీ పాస్‌పోర్టులో ఉన్నది చదువుకోవడానికి వెళ్ళిన ఎఫ్1 ముద్ర. అక్కడే ఉండి హెచ్1బికి మారావు కనుక అక్కడ ఉండటానికి, పనిచేయడానికి గడువు తేదీ ఉన్న ఐ-94 చాలు. ఇండియా వచ్చి తిరిగి వెళ్ళాలంటే మాత్రం కాన్సులేటులో హెచ్1బి ముద్ర పడాలి. "టొరంటో వెళ్ళొచ్చాను కదా, ఏమీ కాలేదు" అన్నావు ఒకసారి. కెనడా, మెక్సికో వెళ్ళి 30 రోజుల్లోపు తిరిగి వచ్చేవాళ్ళకి ఇచ్చిన సడలింపు అది, ఇండియా నుంచి వచ్చేవాడికి పనికిరాదు. పాతకాలం వాళ్ళ సలహాలూ వినకు. 2004 జూలై దాకా పాస్‌పోర్టు సెయింట్ లూయిస్‌కి పోస్టులో పంపితే అమెరికాలోనే ముద్ర వేసి పంపేవారు. వేలిముద్రలు తప్పనిసరి అయ్యాక ఆపేశారు. 2024లో 20,000 దరఖాస్తులకని ప్రయోగంగా మళ్ళీ మొదలెట్టి, ఏప్రిల్‌కల్లా ముగించారు.

నీ భయం అర్థం లేనిదని నేననను. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం సాయంత్రం హెచ్1బికి లక్ష డాలర్ల ఫీజని ప్రకటన వస్తే విమానం ఎక్కి కూర్చున్నవాళ్ళు కూడా దిగిపోయారు. అది కొత్త పిటిషన్లకే అని మర్నాడు గానీ చెప్పలేదు. అదే నెలలో ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్సులో వేసే పద్ధతి మీవాళ్ళకి తీసేశారు, మూడో దేశం వెళ్ళి ముద్ర వేయించుకునే దారీ మూసుకుపోయింది. డిసెంబరు 15 నుంచి హెచ్1బి వాళ్ళ ఫేసుబుక్కులూ అవీ చూస్తామన్నారు. ఇండియాలో డిసెంబరు అపాయింట్‌మెంట్లు మార్చికీ ఆ తర్వాతికీ వాయిదా పడి, అప్పటికే వచ్చేసినవాళ్ళు ఇక్కడే ఆగిపోయారు. ఇవన్నీ చూసే మీ అమ్మ వద్దంటోంది. నీ వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసొచ్చింది కూడా. ముద్ర పడ్డాక 108కి నేనూ తోడు వెళ్తాను.

ఇక చేయాల్సింది చెప్తాను. ఈ ఆదివారం మీ నాన్నతో మాట్లాడు, అమ్మని లోపలికి వెళ్ళమను. ఆయన ఒంటి సంగతి అంతా చెప్పించుకో. తర్వాత సూటిగా అడుగు: ఏం జరిగితే నేను ఉద్యోగం పోయినా రావాలి, ఏం జరిగితే ఫోనులో చూస్తే చాలు? ఆయన జవాబు రాసి పెట్టుకో. నువ్వు అందుకోలేని పరిస్థితి వస్తే కర్మ ఎవరు చేయాలో కూడా ఆయన నోటితోనే చెప్పించు. నేను చేస్తానంటే ఒప్పుకుంటాడో లేదో నాకు తెలియదు, నువ్వే అడగాలి.

అది తేలాక మీ హెచ్ఆర్‌కి మెయిలు రాయి. స్టాంపింగ్ ఆలస్యమైతే ఎన్నాళ్ళు ఆగుతారు, జీతం లేని సెలవు ఇస్తారా, ఇండియా నుంచి పనిచేయనిస్తారా అని. నోటిమాట వద్దు, రాతలో తీసుకో. ఒప్పుకోకపోతే దొంగచాటుగా లాప్‌టాప్ తెచ్చి ఇక్కడ పనిచేయకు. వీసా ఇంటర్వ్యూ స్లాటు చేతికి రాకుండా టికెట్ కొనకు, కొన్నా తేదీ మార్చుకోగలిగేదే కొను. హెచ్1బి మంజూరైనట్టు ఇచ్చిన ఐ-797 అసలు కాగితం, ఇటీవలి పే స్టబ్బులు, కంపెనీ లెటరు చెకిన్ బ్యాగులో వేయకు, చేతిసంచిలో పెట్టుకో. కాన్సులేటులో 221(జి) కాగితం చేతికిస్తే అది చివరి తిరస్కారమని గుండె జారిపోకు, వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. అన్నాళ్ళకి సరిపడా అక్కడి అద్దె, కారు కిస్తీ డబ్బు విడిగా ఉంచి రా. ఇక్కడ గడిపిన రోజులు నీ ఆరేళ్ళ హెచ్1బి లెక్కలో తర్వాత కలిపించుకోవచ్చు, కాబట్టి బోర్డింగు పాసులు పారేయకు. తిరిగి దిగిన రోజే ఐ-94 తేదీ చూసుకో. పాస్‌పోర్టు గడువు దగ్గర పడితే ఆ తేదీ దాకానే ఇస్తారు.

నీ పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉంది? ముందు అది చూసి నాకు రాయి. ఏడాది కంటే తక్కువుంటే అక్కడి మన కాన్సులేటులో రెన్యువల్‌కి రేపే పెట్టు, స్లాటు వెతుక్కోవడం ఆ తర్వాత.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న