చూడని పెళ్ళికొడుకు

"అత్తా, ఇవన్నీ నువ్వు చదివావా?" అని మా మేనకోడలు అడిగేసరికి నేను పప్పుకి పోపు వేస్తున్నాను. ఆవాలు చిటపటలాడుతున్నాయి కాబట్టి, వినబడనట్టు ఊరుకోవడం తేలికైంది.

దాని చేతిలో ఉన్నవి నా కొత్త నవల ప్రూఫులు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక మా మామిడిపల్లి వైపు మనుషుల బతుకులెలా మారాయో అందులో రాశాను. చివరి పేజీలో, నాకు ఉపకరించిన రచనలంటూ గొప్పగా పది పేర్లిచ్చాను. చదివినవి మాత్రం మూడు! తక్కిన వాటికి పేరూ, సారాంశమూ చూశానంతే.

ఇంట్లో కూర్చునే దొరికాయవి. 2004లో వచ్చిన గూగుల్ స్కాలర్‌లో ఒక్క మాట కొడితే చాలు, పరిశోధన వ్యాసాలు బారులు తీరతాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగలోనేమో, మన విశ్వవిద్యాలయాలకు సమర్పించిన పిహెచ్.డి. గ్రంథాలు ఉచితంగా చదువుకోవచ్చు. కాకపోతే ఊరి పేరు తెలుగులో కొడితే ఒక రకం, ఇంగ్లీషులో చివర 'వై' పెడితే ఒక రకం, 'ఐ' పెడితే మరో రకం ఫలితాలు. పైగా ఈ పేరుతో ఊళ్ళు ఎన్నో! నేనిచ్చిన పేర్లలో ఒకటి నిజామాబాద్ జిల్లా మామిడిపల్లిదని మేనకోడలే కనిపెట్టింది.

"పోనిద్దూ, నవలే కదా!" అన్నాను.

అది ఒప్పుకోలేదు. ఏ వ్యాసం ముందుండాలో తేల్చేటప్పుడు, దాన్ని ఎంతమంది ఉదహరించారన్నది కూడా స్కాలర్ లెక్కలోకి తీసుకుంటుందట. పరిశోధకులు చదవకుండా పేరు చేర్చినా లెక్క పెరుగుతుంది. ఆ లెక్క చూసి ఇంకొకరు చేరుస్తారు.

నాకు పెళ్ళి సంబంధాలు గుర్తొచ్చాయి. పిల్లవాణ్ణి చూడని పిన్నిగారు బంగారమంటుంది. ఆవిడ మాట విని పక్కింటావిడ, ఆవిడ మాట విని ఇంకొకరూ అంటారు. నలుగురు చెప్పారు కదా అని పిల్లనిచ్చేస్తాం. తీరా చూస్తే నలుగురిదీ ఒకటే నోరు!

అన్నీ స్వయంగా చూసే నమ్మాలంటే బతకలేం, నిజమే. డాక్టరు మాట మీదే కదా మందు మింగుతాం. నమ్మడంలో తప్పు లేదు. కానీ ఆ మందుని నేనే పరీక్షించానని ఊళ్ళో చెబితే? నమ్మడం వేరు, సాక్ష్యం చెప్పడం వేరు. పుస్తకం చివర పేరు రాయడం సాక్ష్యమే.

ఏడు పేర్లూ కొట్టేశాను. తరువాత వాటిలో రెండు గ్రంథాలు పూర్తిగా చదివి మళ్ళీ చేర్చాను. అందులో ఒకటి చదివాక, భూమి పరిహారం గురించి నేను రాసిన ప్రకరణమే పొరపాటని తెలిసింది. సిగ్గుపడుతూ తిరగరాశాను. చదవకుండా ఉంటే, నన్ను తప్పుపట్టిన పుస్తకాన్నే నాకు సాక్షిగా నిలబెట్టేదాన్నన్నమాట!

ఇప్పుడా పేజీలో అయిదు పేర్లే ఉన్నాయి. సగం పేజీ ఖాళీ. చూడటానికి బాగానే ఉంది.