గడ్డి ఇయ్యక ఇటుకలడుగుట



నిర్గమకాండము అయిదవ అధ్యాయమును మేము ప్రసంగపీఠమునుండి అనేక పర్యాయములు చదివితిమి. ఫరో ఇశ్రాయేలీయులకు గడ్డి ఇచ్చుట మానివేసెను. గడ్డి వారే వెదకి తెచ్చుకొనవలెననెను. ఇటుకల లెక్కలో మాత్రము ఒకటియు తగ్గింపడాయెను. ఈ భాగమును చదివిన ప్రతిసారియు మనము ఇశ్రాయేలీయుల పక్షముననే కూర్చుండి వినుచుందుము. ఫరో కూర్చున్న చోట మనమును కూర్చుండగలమని 2020వ సంవత్సరమువరకు మాకు తోచలేదు.

ఆ యేడు మార్చి మాసములో కరోనా వ్యాధి కారణమున బడులు మూయబడెను. మన రాష్ట్రములో తొమ్మిది, పది తరగతులవారికి నవంబరు 2న బడులు తెరచిరి. ఒకటి మొదలు అయిదవ తరగతివరకు గల చిన్నపిల్లలు 2021 ఫిబ్రవరి 1వ తేదీవరకు బడి గడప త్రొక్కలేదు. ఏప్రిల్‌లో మరల మూసి ఆగస్టు 16న తెరచిరి. ఈ మధ్యకాలములో దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు చెప్పించిరి. నెట్టు గల ఫోనుగాని కంప్యూటరుగాని కలవారనియు, టీవీ రేడియోలు మాత్రమే కలవారనియు, ఏదియు లేనివారనియు పిల్లలను మూడు తెగలుగా ఎంచిరి. ఇంటిపని ఫోనులోనికి వచ్చెను.

మేమును అట్లే చేసితిమి. మందిరము మూసియున్నందున సండేస్కూలు కంఠతవాక్యమును శనివారమునాడు వాట్సాప్‌లో పంపుచుంటిమి. పిల్లలు దానిని అప్పజెప్పి, ఫోనులో పట్టించి మాకు పంపవలెను. పంపినవారికి మార్కులు, మార్కులు వచ్చినవారికి క్రిస్మసు బహుమానము. ఇది మంచి యేర్పాటని మేము సంతోషించితిమి. క్రిస్మసునాడు బహుమానములు పంచితిమి. అంతకు ముందటి సంవత్సరము మొదటి బహుమానము తీసికొనిన యేడేండ్ల పిల్ల ఒకతె చాపమీద వెనుకగా కూర్చుండి తల వంచుకొనియుండెను. ఆ తరువాతి ఆదివారములలో ఆమె కనబడలేదు.

జనవరిలో వారి యింటికి పోయితిమి. అది రాయచోటిలో బస్సు ఎక్కి, దిగినచోటనుండి రెండు మైళ్లు నడువవలసిన పల్లె. రాయచోటి చుట్టుపట్లనుండి ఎందరు తల్లులు కువైట్‌లో ఇంటిపనికి పోయియున్నారో మీకు తెలియును. ఈ పిల్ల తల్లియు అట్లే పోయినది. పిల్లను అవ్వ సాకుచున్నది. "అవ్వా, ఇంట్లో ఫోను లేదా?" అని అడిగితిమి. ఆమె ట్రంకుపెట్టె తెరచి, తువాలులో చుట్టిన ఫోను తీసి చూపెను.

"ఉండాది అయ్యగారూ. నా కూతురే పంపిచ్చింది. దినానికి ఇంతే అని వస్తాది గదా ఆ నెట్టు. పిల్ల పగలు పాఠాలు జూస్తే రాత్రికి ఐపోతాది. రాత్రి నా కూతురు జేస్తే మొగం కనపడదు. ఆడ అది ఏడుస్తాది, ఈడ ఇది ఏడుస్తాది. ఏం జేయల్ల?"

కువైట్ గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక. అక్కడ పని ముగించుకొని ఎనిమిది గంటలకు తల్లి ఫోను చేసినయెడల ఇక్కడ పదిన్నర యగును. అర్ధరాత్రి దాటినగాని మరుసటిదినపు నెట్టు రాదు. పాఠమా, తల్లి ముఖమా అని ఆ యింట రెంటిలో ఒకటి కోరుకొనవలసివచ్చెను. వారు తల్లి ముఖమును కోరుకొనిరి. వారిని తప్పుపట్టగలవారెవరో మాకు తెలియదు.

వాక్యములేమైన వచ్చునా అని పిల్లను అడిగితిమి. ఆమె లేచి నిలువబడి, మేము ఆరు నెలలు పంపిన వాక్యములలో ఎక్కువభాగము తప్పులేకుండ చెప్పెను. "యట్ల నేర్చుకుంటివే?" అనగా, "పక్కింటి పిల్లోడు ఫోన్లో చెప్పేటప్పుడు గోడ ఈతట్టునుంచి ఇన్నా" అనెను. మేము బహుమానములు ఇచ్చినది వాక్యమునకు కాదు, ఫోనుకు.

ఈ సంగతిని సంఘ కమిటీలో చెప్పినప్పుడు ఒక పెద్ద, "ఈ కాలమున ఫోను లేని ఇల్లెక్కడిది అయ్యగారూ?" అనెను. ఆయన మాట కొంతవరకు నిజమే. అసర్ అను విద్యాసర్వే లెక్కలచొప్పున మన దేశపు పల్లెలలో బడిపిల్లల ఇండ్లలో 2018లో నూటికి 36.5 ఇండ్లకు స్మార్ట్‌ఫోను ఉండగా, 2020లో 61.8 ఇండ్లకు, 2021లో 67.6 ఇండ్లకు ఉండెను. అయితే ఆ 2021 లెక్కలోనే, ఫోనున్న ఇండ్లలోని పిల్లలలో నాల్గవవంతుకు మించినవారికి ఆ ఫోను చదువునకు చేతికి రాదనియు ఉన్నది. పిల్ల చిన్నదగుకొలది అది చేతికి వచ్చుట తక్కువ. ఫోను ఇంటిలో నుండుట వేరు, పిల్ల చేతిలో నుండుట వేరు. అదియుగాక, ఆరేండ్ల పిల్లకు ఫోను ఒక్కటే చాలదు. అందులో వచ్చిన అక్షరములను చదివి చెప్పు పెద్దవారొకరు ప్రక్కన కూర్చుండవలెను. ఆ అవ్వకు చదువు రాదు. అరచేతియంత అద్దమును చూచి అక్షరములు దిద్దుమనుట పెద్దలకే కష్టము.

పూర్వము ఇసుక ఉండెను. మద్రాసు ఎగ్మూరులో 1789లో స్థాపించిన అనాథ బాలుర ఆశ్రమమునకు పెద్దగానుండిన ఆండ్రూ బెల్ పాదిరిగారు, వీధిబడిపిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుట చూచి ఆ పద్ధతిని తన ఆశ్రమములో ప్రవేశపెట్టెను. 1797లో దానినిగూర్చి లండనులో పుస్తకము వేయించగా ఆ దేశపు బీదపిల్లలును ఇసుకలో అక్షరములు నేర్చిరి. ఇసుకకు వెల లేదు. కాని ఆ కాలమును మేము పొగడబోము. మనకు పొరుగుననున్న బళ్లారి కలెక్టరు క్యాంబెల్ దొర 1823లో తన జిల్లాలో 533 బడులును 6,641 మంది పిల్లలును ఉన్నారని వ్రాసి, బీదతనమువలన అనేకులు పిల్లలను బడికి పంపజాలకున్నారనియు తెలిపెను. ఇసుక ఉచితమే, పిల్ల పగటికూలి ఉచితము కాదు. ఇక మన సంఘములలో అనేకుల పితరులను ఆ వీధిబడి అరుగు ఎక్కనిచ్చినవారే లేరు. నాడు మిమ్మును రానియ్యమని ముఖముమీద చెప్పెడివారు. నేడు ఎవరును రావద్దనరు, ఎవరికిని ద్వేషము లేదు, అయినను ఆ పిల్ల బయటనే ఉన్నది. తప్పు చేసినవాడు కనబడనప్పుడు దానిని తప్పనవచ్చునా? అనవచ్చుననియే మా తలంపు. ఇటుక అడిగినవాడు గడ్డి సంగతిని విచారించుటకు బద్ధుడు. తెలియదనుట అతనికి చాలదు, ఏలయనగా తెలిసికొనుటయు అతని పనియే. మేము ఆరు నెలలు విచారింపలేదు.

ఉపాధ్యాయులమీద ఈ మాటను మోపుట మా ఉద్దేశము కాదు. ఆ అధ్యాయములోనే, లెక్క తక్కువైనందుకు దెబ్బలు తిన్నవారు ఇశ్రాయేలీయుల నాయకులు. పైనుండి లెక్క అడుగుదురు, క్రింద గడ్డి ఉండదు. నడుమ నిలిచినవాడు దెబ్బ తినును. మనకు తెలిసిన ఉపాధ్యాయులు పలువురు అట్టివారే.

అడుగువాడే ఇయ్యవలెనా అను ప్రశ్న న్యాయస్థానమువరకు పోయినది. ఆన్‌లైన్‌లో పాఠములు చెప్పు బడులు బీదపిల్లలకు పరికరమును నెట్టును ఇయ్యవలెనని ఢిల్లీ హైకోర్టు 2020 సెప్టెంబరు 18న తీర్పు చెప్పెను. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని నిలిపివేసెను. మన రాష్ట్రములో 2022 డిసెంబరు 21న ఎనిమిదవ తరగతి పిల్లలకు టాబులు పంచ మొదలుపెట్టిరి. రెండవ తరగతి పిల్ల ఆ వరుసలో లేదు. బడులు తెరచి సంవత్సరములు గడచినను ఇంటిపనిని ఫోనుకు పంపు అలవాటు పలుచోట్ల నిలిచిపోయినది.

పొరుగువారు ఎరవియ్యవచ్చును గదా యని కొందరందురు. రాజుల రెండవ గ్రంథములో విధవరాలు ఇరుగుపొరుగు వారియొద్ద వట్టిపాత్రలు ఎరవు తెచ్చెను. తెచ్చిన పాత్రలు నిండువరకే నూనె వచ్చెను. అదే గ్రంథములో ఎరవు తెచ్చిన గొడ్డలి నీట పడినప్పుడు ఆ ప్రవక్త శిష్యుడు ఎంతగా అంగలార్చెనో చూడుడి. ఎరవు వస్తువు చేతిలోనున్నంతసేపు బీదవానికి గుండె కుదురుగా ఉండదు. ఇచ్చువానికిని భయమున్నది. పాత్ర వంటిది కాదు ఫోను. అందులో అతని డబ్బున్నది, ఉత్తరములున్నవి, ఇంటి గుట్టున్నది. మా సంఘములో ఒక సహోదరుడు ఇయ్యననినప్పుడు మేము ఆయనను గద్దింపలేదు.

కావున ఫోనును పిల్లయొద్దకు పంపుట మాని పిల్లలను ఫోనుయొద్దకు రమ్మంటిమి. సాయంకాలము ఆరు మొదలు ఎనిమిదివరకు మందిరపు వసారాలో చదువు వచ్చిన ఇద్దరు యౌవనస్థులు తమ ఫోనులతో కూర్చుందురు. బడినుండి వచ్చిన పనిని చూచి పలకమీద వ్రాసి చూపుదురు; పిల్లలు నోటుపుస్తకములో వ్రాసికొందురు. కరెంటు పోయిన దినమున చదువు లేదు. వేరుశనగ కోతల కాలమున ఆ యౌవనస్థులే రారు. సంఘస్థులు కాని పిల్లలును వచ్చుచున్నారు. దానికిని కమిటీలో ఒకరిద్దరు గొణిగిరి. కంఠతవాక్యమును ఫోనులో పంపుట మానివేసి మందిరపు గోడమీద సున్నపుబలపముతో వ్రాయుచున్నాము. ఆ పిల్లకు రావలసిన బహుమానమును మేము తీసికొనిపోయి ఇచ్చితిమి. అవ్వ తీసికొనెను, పిల్ల తీసికొనుటకు కొంతసేపు పట్టెను.

ఇప్పుడు కువైట్‌లోనున్న తల్లులు కొందరు, వాక్యము ఫోనులో వచ్చుచున్నప్పుడు పిల్లలు అప్పజెప్పుట తాము కూడ విని సంతోషించెడివారమనియు, గోడమీది వాక్యము తమకు కనబడదనియు చెప్పి పంపిరి. ఈ సంగతి మేము తలంపనే లేదు. గత నెల కమిటీలో దీనినిగూర్చి చాలసేపు మాటలాడి, శనివారము గోడమీద వ్రాసి, పిల్లలందరు చూచిన పిమ్మట సోమవారమునాడు ఆ తల్లులకు పంపవలెనని అనుకొంటిమి. మార్కులు మాత్రము లేవు.