దూరదేశమునుండి వచ్చితిమనువారు

ధ్యాన భాగము: యెహోషువ 9వ అధ్యాయము



గిబియోను నివాసులు యెహోషువను మోసపుచ్చిన సంగతి మీరు సండే స్కూలులో విన్నదే. యెరికోకును హాయికిని జరిగినది విని వారు భయపడిరి. యుద్ధమునకు రాలేదు, వేషము వేసికొని వచ్చిరి. పాత గోనెలు గాడిదలమీద వేసిరి. చినిగి కుట్టబడిన తిత్తులు తెచ్చిరి. మాసికలు వేసిన చెప్పులు తొడిగిరి. ఎండి బూజుపట్టిన రొట్టెలు మూటగట్టిరి. తాము బహు దూరమునుండి వచ్చితిమనియు, స్నేహము కోరుచున్నామనియు చెప్పిరి. ఇశ్రాయేలు పెద్దలు బుద్ధిలేనివారు కారు. మీరు మా పొరుగున ఉండువారేమో యని మొదట అడిగిరి కూడ. అయితే రొట్టె చేతబట్టి చూడగా బూజు నిజముగానే ఉన్నది. చెప్పులు చూడగా నిజముగానే అరిగియున్నవి. కన్ను చూచినది నిజమైనందున చెవి విన్నదియు నిజమని నమ్మిరి. దేవుని యొద్ద మాత్రము విచారింపలేదు. మూడు దినములు గడచిన తరువాత తెలిసినదేమనగా, వారు పొరుగువారే.

ఈ మాసము ఈ అధ్యాయమును ఎన్నుకొనుటకు కారణము గలదు. మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు సంఘములలో ఒక విధవరాలైన సహోదరికి జరిగినది నేను వ్రాయవలెను. ఊరు చెప్పను, పేరు చెప్పను. ఆమె సెలవిచ్చినంత మట్టుకే వ్రాయుచున్నాను.

ఆమె భర్త గతించి ఆరు సంవత్సరములైనది. కుమారుడు కువైటులో డ్రైవరు. కుమార్తెను కావలి వైపు ఇచ్చిరి. ఇంటిలో ఆమెయు రెండు గేదెలును. కొంచెము మెట్ట పొలము కౌలుకిచ్చినది. తల్లి ముఖము చూచుకొనవచ్చునని కుమారుడు ఒక మంచి ఫోను కొని పంపెను. ఆ ఫోనులో ఫేసుబుక్కు ఉండెను. ఒక దినమున అందులో ఒక పెద్దమనిషి ఆమెకు నమస్కారము పెట్టెను. తాను లండనులో వైద్యుడననియు, భార్య క్యాన్సరుతో చనిపోయినదనియు, తానును యేసు ప్రభువును నమ్మినవాడననియు వ్రాసెను. ఫొటోలో తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు. వ్రాసిన తెలుగు వంకరటింకరగా ఉండెను. దొరగారు గదా, తెలుగు ఎట్లు వచ్చునని ఆమె జాలిపడెను. ప్రియులారా, ఆ వంకర తెలుగే ఆమెకు చూపబడిన బూజుపట్టిన రొట్టె. అది యంత్రము తర్జుమా చేసిన తెలుగు. ఏ దేశమునుండి యెవడైనను దానిని పంపవచ్చును.

అతడు డబ్బు అడుగలేదు. ఐదు మాసములు అడుగలేదు. ప్రతి ఉదయము ఆరు గంటలకు ఒక పలకరింపు, ఒక వాక్యము, ఒక పువ్వు బొమ్మ. మధ్యాహ్నము భోజనమైనదా యని ప్రశ్న. రాత్రి ప్రార్థన. కృష్ణదేవరాయలు మన ఉదయగిరి దుర్గమును పట్టుకొనుటకు ఏడాదికి పైగా దాని చుట్టు ముట్టడి వేసి కూర్చుండెనని మీకు తెలియును. 1514లో గాని అది లొంగలేదు. ఓపికగా కూర్చుండువానికి కొండమీది కోటయైనను చిక్కును. ఒంటరి మనిషి మనస్సు కోట కాదు, దానికి తలుపు కూడ సరిగా ఉండదు.

ఆరవ మాసమున వివాహపు మాట వచ్చెను. బహుమానముగా ఒక పెట్టె పంపితినని, అందులో బంగారు గొలుసును గడియారమును లండను డబ్బును ఉన్నవని ఫొటో పంపెను. నాలుగు దినములకు ఢిల్లీ విమానాశ్రయపు కస్టమ్సు నుండి మాటలాడుచున్నానని ఒక స్త్రీ ఫోను చేసెను. పెట్టె వచ్చినది, సుంకము 35,000 రూపాయలు కట్టవలెను. కట్టెను. పెట్టెలో విదేశీ ధనము కనబడినది, దానికొక సర్టిఫికెట్టు కావలెను. కట్టెను. ఇప్పుడు కట్టనియెడల పోలీసు కేసగును. కట్టెను. ఒక గేదె పోయెను. మెడలోని గొలుసు తాకట్టుకు పోయెను. డ్వాక్రా అప్పు అదే దారిని పోయెను. ఇట్లు నాలుగు లక్షలు దాటిన తరువాత ఆ వైద్యుడును లేడు, ఆ కస్టమ్సు స్త్రీయును లేదు. ఫోను మూగదైనది.

ఊరికి ఈ సంగతి తెలిసిన దినమున ఏమి జరిగినదో వ్రాయుటకు నాకు సిగ్గుగా ఉన్నది. మన ప్రజలు నవ్విరి. ఈ వయసులో ఆమెకు పెండ్లి యావ పుట్టినదనిరి. ఆరాధన ముగిసి చెప్పులు తొడుగుకొనుచు, గుడి మెట్లమీదనే అనిరి. యెహోషువ గ్రంథములో మోసము బయటపడినప్పుడు సమాజమంతయు తమ ప్రధానులమీద సణిగిరని వ్రాయబడియున్నది. జాగ్రత్త చూడవలసినవారు చూడలేదని సణిగిరి. మన యొద్ద సణుగుడు పెద్దలమీదికి రాలేదు. మోసపోయిన ఆ విధవరాలిమీదికే పోయినది.

నేను ఆమెను చూడబోతిని. వాక్యము చదివితిని. తరువాత, నా తెలివితక్కువతనము వలన, అమ్మా, ముఖము తెలియని వానిని ఎట్లు నమ్మితివని అడిగితిని. ఆమె చాలసేపు పలుకలేదు. తరువాత ఇట్లనెను: “పొద్దున్నే ‘తిన్నావా’ అని అడిగేవాడయ్యా. ఆరేళ్ళలో మీరెవరన్నా అడిగారా?”

నాకు ఉత్తరము లేదు. ఆమె నిరుడు రెండు సాయంకాలములు మా యింటికి వచ్చెను. ఒకనాడు నేను కమిటీకి పోవలెనని మోటారు సైకిలు స్టార్టు చేయుచుంటిని. ప్రార్థన చేసెదనమ్మా అని చెప్పి వెళ్ళిపోతిని. రెండవ మారు ఎందుకు వచ్చెనో నాకు జ్ఞాపకము కూడ లేదు. యెహెజ్కేలు 34వ అధ్యాయములో దేవుడు కాపరులను అడిగిన ప్రశ్నలు రామపట్నములో పరీక్షకొరకు నేను బాగుగానే చదివితిని. తప్పిపోయిన దానిని వెదకితివా యని అందులో ఉన్నది. మంచి మార్కులే వచ్చినవి.

ఇంకొక సంగతి కూడ ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రితము నాకే ఒక ఉత్తరము ఈ-మెయిలులో వచ్చినది. విదేశములో మరణశయ్యమీదనున్న ఒక ధనికురాలు తన ఆస్తిని దేవుని పనికి ఇయ్యగోరుచున్నదట. మన గుడి పైకప్పు కారుచున్న దినములవి. నేను మూడు జవాబులు వ్రాసితిని. మా పాస్టరమ్మ ఆ ఉత్తరము చదివి, “ఇన్ని లక్షల డాలర్లిచ్చే ఆమెకు మన ఊరిపేరు ఎట్లా తెలిసిందండీ?” అని అడిగినది. అంతటితో నేను మానితిని. నాకు ఇంటిలో అడుగువారు ఒకరు ఉండిరి. ఆ సహోదరికి లేరు. మా యిద్దరికిని ఉన్న భేదము అంతే, తెలివిలో కాదు.

పురుషులారా, మీరు నవ్వవలదు. పెండ్లి సంబంధములు కుదరని మన మెట్ట పల్లెల యువకులకు వెబ్‌సైట్లలో అందమైన ఫొటోలు చూపి ప్రయాణపు ఖర్చులని, తల్లికి ఆపరేషనని డబ్బు గుంజువారున్నారు. పింఛను పుచ్చుకొను పెద్దలకు రాత్రివేళ వీడియో కాలు చేసి, సిగ్గుమాలిన బొమ్మ చూపి, దానిని రికార్డు చేసి, బంధువులకు పంపెదమని బెదరించువారున్నారు. ఇట్టివారు ఎవరితోను చెప్పుకొనలేక ప్రాణములు తీసికొన్న సందర్భములు మన దేశములో కలవు. మరియొక విధమైన వారు ప్రేమ మాటలాడుచు, మెల్లగా ఒక యాప్‌లో డబ్బు పెట్టుమందురు. మొదట కొంచెము లాభము నిజముగానే చేతికిత్తురు. నమ్మకము కుదిరినపిమ్మట సర్వము దోచుకొందురు. దీనిని చీనా భాషలో పందిని మేపి కోయుట అని పేరు పెట్టిరి. మనుష్యునిగూర్చి అట్టి మాట పుట్టించిన నోరు ఎట్టిదో ఆలోచించుడి.

ఇప్పుడు మనకు మరి బాధకరమైన సంగతి. ఆ వైద్యుని పేరున వ్రాసిన చెయ్యి ఎవరిదో మనకు తెలియదు. కాని ఇట్టి ఉత్తరములు వ్రాయు చేతులలో కొన్ని మన పిల్లలవే. 2024 మే మాసమున విశాఖపట్టణపు పోలీసువారు కొందరు ఏజెంట్లను పట్టుకొనిరి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన ఆంధ్ర యువకులను కాంబోడియాకు పంపి, అక్కడ చీనావారు నడుపు మోసపు కంపెనీలకు అప్పగించిరని తేలినది. పాస్‌పోర్టులు లాగికొని, గదులలో నిర్బంధించి, స్వదేశస్థులనే మోసపుచ్చవలెనని బలవంతపెట్టిరి. ఒప్పుకొననివారిని హింసించిరి. అదే మాసమున సిహానూక్‌విల్ అను పట్టణములో అట్లు చిక్కుకొనిన భారతీయులు అనేకులు తిరుగబడగా, మన రాయబార కార్యాలయమువారు కలుగజేసికొని కొందరిని ఇంటికి పంపిరి. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దునుండి 549 మందిని రెండు విమానములలో తెచ్చిరి. వారిలో తెలుగువారును ఉండిరి. కాంబోడియాలో సుమారు లక్షమంది, మయన్మారులో కనీసము లక్షా ఇరువది వేలమంది ఇట్టి పనికి బలవంతపెట్టబడుచుండవచ్చునని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయము 2023లో వెల్లడించినది.

యోసేపును అన్నలు ఇరువది తులముల వెండికి అమ్మిరి. ఈ పిల్లలను ఏజెంట్లు డాలర్లకు అమ్మిరి. ఒకవైపు పల్లెలో తల్లి ఒంటరిగా కూర్చుండి ఫోను చూచుకొనుచున్నది. మరియొకవైపు ఏదో ఊరి తల్లి కన్న కుమారుడు, కర్రపట్టినవాడు వెనుక నిలిచియుండగా, ఆమెకు ప్రేమ మాటలు వ్రాయుచున్నాడు. దూరదేశపువారమని చెప్పినవారు పొరుగువారేయని ఇశ్రాయేలీయులు మూడు దినములకు తెలిసికొనిరి. మనకు ఇన్ని సంవత్సరములు పట్టినది. కావున విదేశీ ఉద్యోగమని పిలుపు వచ్చిన యువకులారా, ముఖ్యముగా విజిటింగు వీసామీద పొమ్మన్నయెడల, ఆ ఏజెంటు ప్రభుత్వమునొద్ద రిజిస్టరైనవాడో కాడో ముందుగా విచారించుడి. అప్పుచేసి అతనికి డబ్బు కట్టిన తరువాత విచారించి ప్రయోజనము లేదు.

యెహోవా యొద్ద విచారించుట యనగా ఏమని మీరు అడుగవచ్చును. మోకాళ్ళూనుట సరే. ఆ సహోదరియు మోకాళ్ళూనినది, ఆ మోసగాడే ఫోనులో ఆమెతోకూడ ప్రార్థించెను! నేను గ్రహించినంతవరకు, సంఘములో ఒక నమ్మకమైన మనిషితో ఆ మాట పైకి చెప్పుట విచారించుటలో మొదటి మెట్టు. మన సంగతి ఎవరికిని చెప్పవద్దని అతడు ఆమెతో పదే పదే అనెను. మంచి సంబంధమునకు రహస్యమెందుకు? మన పల్లెలలో పెండ్లిచూపులకు పదిమంది పోదురు గదా.

కొన్ని సంగతులు ఇంటింట తెలిసియుండవలెను. కస్టమ్సువారు సుంకమును ఒక మనిషి సొంత ఖాతాలో వేయుమని ఫోనులో అడుగరు. పోలీసువారు వీడియో కాలులో ఎవరిని అరెస్టు చేయరు. మీకు డబ్బు రావలెనన్న మీరు పిన్ నొక్కనక్కరలేదు, పిన్ నొక్కినయెడల మీ డబ్బే పోవును. మోసము జరిగినదని తెలిసిన క్షణమున 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన, పోయిన సొమ్ము బ్యాంకులో ఆగుటకు అంత అవకాశము. తెల్లవారనిమ్మని కూర్చుండరాదు. సిగ్గుపడి ఆ మాటలను, ఫొటోలను చెరిపివేయరాదు, అవే సాక్ష్యము. పోయిన డబ్బు తిరిగి ఇప్పించెదనని ముందు రుసుము అడుగువాడు వచ్చినయెడల వాడు రెండవ దొంగ. మన సహోదరియొద్దకు వాడును వచ్చెను. ఆమె 1930కి చెప్పుటకు మూడు వారములు ఆలస్యమైనది. ఆమె తెలియక ఆలస్యము చేయలేదు, మన నవ్వునకు వెరచి ఆలస్యము చేసెను. ఫిర్యాదు వ్రాసికొనిరి గాని, సొమ్ము ఇంతవరకు రాలేదు.

గిబియోను సంగతి 9వ అధ్యాయముతో ముగియలేదు. తరువాతి అధ్యాయములో ఐదుగురు రాజులు గిబియోనుమీదికి రాగా, మోసపోయిన ఆ యెహోషువయే గిల్గాలునుండి రాత్రియంతయు నడచి వారిని రక్షింపబోయెను. తమ్ము మోసపుచ్చినవారు గదా, పోనిమ్మని అనలేదు. కాంబోడియానుండి తిరిగివచ్చిన యే పిల్లవాడైనను మన గుడిలో అడుగుపెట్టినయెడల అతనికి చోటియ్యవలెనా యని ఒక పెద్ద నన్ను అడిగెను. ఆ పదవ అధ్యాయమును చదువుమని నేను ఆయనతో చెప్పితిని. చదివెనో లేదో ఇంకను చెప్పలేదు.

మిషను దినములలో బైబిలు స్త్రీలు గడపగడపకు పోయి, వాకిట కూర్చుండి, యోగక్షేమములు అడిగి, తరువాతనే వాక్యము చెప్పెడివారని మా అవ్వ అనెడిది. ఇప్పుడు మనకు మైకులున్నవి, వాట్సాప్ గుంపులున్నవి. ఉదయమున నేనే నూరుమందికి ఒకే వాక్యము పంపుచున్నాను. ఎవరు తినిరో ఎవరు తినలేదో నాకు తెలియదు.

పోయిన మాసపు రెండవ ఆదివారమున ఆ సహోదరి మరల గుడికి వచ్చి వెనుక ద్వారమునొద్ద కూర్చుండెను. స్త్రీల సమాజములో ఇద్దరు లేచిపోయి ఆమెకు చెరియొక ప్రక్కను కూర్చుండిరి. నేను చెప్పలేదు, వారంతట వారే లేచిరి. ఆరాధన అయిన పిమ్మట, ఇప్పుడెట్లున్నావమ్మా అని అడిగితిని. “పొద్దున ఆరింటికి చెయ్యి ఇంకా ఫోను మీదికే పోతోందయ్యా” అనెను. ఆ యిద్దరిలో ఒకామె ఇల్లు ఆ వీధిలోనే. మరునాడు ఆరు గంటలకు ఆమె పాలచెంబు పట్టుకొని ఆ యింటి తలుపు తట్టినది. నేటికి పందొమ్మిది దినములైనది. వాన కురిసిన దినమున కూడ పోయినదని విన్నాను.